అలంకార గుమ్మడికాయలు సీజన్ చివరి దాకా నిలవాలంటే

సందేహం: అలంకరణ కోసం అమ్మే గుమ్మడి వేశాను. శరదృతువు మొదట్లో కోసి షెడ్డులో సిమెంటు నేల మీద కుప్ప పోశాను. మూడు వారాలు తిరక్కుండానే చాలా కాయలు తొడిమ దగ్గర మెత్తబడి కుళ్లుతున్నాయి. కొన్నింటికి తొడిమలే ఊడిపోయాయి. కొన్నవాళ్లు కూడా పది రోజులకే పాడయ్యాయని ఫోన్లు చేస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏదైనా మందు కొట్టవచ్చా?

జవాబు: కుళ్లు మొదలైన కాయను మళ్లీ బాగుచేసే మందు లేదండీ. దాని మీద డబ్బు పెట్టకండి. ఈ రోజే కుప్ప విప్పి ఒక్కో కాయను తిప్పి చూడండి. మెత్తబడినవి, నీరు కారేవి, తొడిమ ఊడినవి వెంటనే తీసేయండి. కుళ్లిన కాయ నీరు తగిలితే పక్క కాయలూ పోతాయి. మిగిలిన గట్టి కాయలను చెక్క పలకల మీదో, గడ్డి పరుపు మీదో ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసలో పేర్చండి. సిమెంటు నేల చెమ్మను కాయ అడుగునే పట్టి ఉంచుతుంది. మీ షెడ్డులో నష్టం పెరగడానికి నేల, కుప్ప రెండూ కారణమే.

అయితే అసలు విషయం కోత దగ్గరే ఉంది. కాయ ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు కోసిన రోజే తేలిపోతుంది. రంగు పూర్తిగా తిరిగి, తొక్క మీద గోటితో నొక్కినా దిగనంత గట్టిపడి, తొడిమ ఎండుతున్నప్పుడే కోయాలి. కోతకు వారం, పది రోజుల ముందే తడులు ఆపేయండి. కాయను మెలితిప్పి లాగకుండా పదునైన కత్తెరతో 8 నుంచి 10 సెంటీమీటర్ల తొడిమ ఉంచి కోయండి. తొడిమ పట్టుకుని కాయను ఎత్తవద్దని కూలీలకు గట్టిగా చెప్పండి. అది ఊడితే ఆ గుంత నుంచే శిలీంధ్రాలు, బాక్టీరియా లోపలికి పోతాయి. పైగా అలంకరణకు కొనేవాళ్లు మొదట చూసేది తొడిమనే. ఆకులకు బూడిద తెగులు ఎక్కువైన తోటలో తొడిమలు కూడా సన్నబడి వడలిపోతాయి. కాబట్టి కాయ రంగు తిరిగింది కదా అని ఆకుల్ని వదిలేయకండి.

కోశాక ఉల్లిని ఆరబెట్టినట్టే గుమ్మడినీ ఆరబెట్టాలి. 27 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ వేడి, 80 శాతం దాకా గాలిలో తేమ, బాగా గాలి ఆడే చోటు ఉంటే పది రోజులు చాలు. ఈలోగా చిన్న గీతలు మానిపోతాయి, తొక్క ఇంకా గట్టిపడుతుంది. ఈ పని మీరు చేసినట్టు లేదు. మిగిలిన కాయలకు ఇప్పుడు చేసినా కొంత మేలు ఉంటుంది. ఆ తర్వాత 10 నుంచి 13 డిగ్రీల దగ్గర, తేమ 50 నుంచి 70 శాతం ఉండే నీడపట్టున ఉంచితే మంచి కాయ రెండు, మూడు నెలలు ఆగుతుంది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని కోల్డ్ స్టోరేజీలో పెట్టకండి. 10 డిగ్రీల కంటే తగ్గితే చలి దెబ్బ తగులుతుంది. అది అప్పుడే కనపడదు, బయటకు తీశాక గుంటలు, మచ్చలు పడి కుళ్లుతుంది. పొలంలో మంచు గడ్డకట్టే రాత్రికి ముందే కోత ముగించాలని చెప్పేది అందుకే. ఆపిల్, అరటి లాంటి పండే పళ్ల పక్కన కూడా పెట్టవద్దు. వాటి నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుతో ఆకుపచ్చ రకాలు పసుపు తిరుగుతాయి.

కాయలు కడగాలనుకుంటే మొదట మట్టి పోయేలా మంచినీళ్లతో కడగండి. మట్టి ఉంటే క్లోరిన్ పనిచేయదు. తర్వాత ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి, ఒకటి రెండు నిమిషాలు ముంచి తీసి, తొడిమ మొదలు సహా పూర్తిగా ఆరనివ్వండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. బ్లీచ్‌లో ఆమ్లాలుగానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్లుగానీ ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. ఇలా ముంచిన కాయలను అలంకరణకే అమ్మండి. తినడానికి కాదని చెప్పి మరీ ఇవ్వండి.

కొనేవాళ్లకు కూడా నాలుగు మాటలు రాసిన చీటీ ఇస్తే ఫోన్లు చాలా తగ్గుతాయి. ఎండ, వాన నేరుగా పడని చోట, కింద అట్టముక్క వేసి పెట్టమనండి. చెక్కిన కాయకు లోపలి కండ బయటపడుతుంది కాబట్టి అది సాధారణంగా వారానికి మించి ఉండదు. సీజన్ అంతా కావాలనుకునేవాళ్లను చెక్కకుండా రంగులు వేసుకోమనండి.

ఏరేసిన కుళ్లు కాయలను మాత్రం తిరిగి పొలంలో పారేయకండి. ఫ్యుజేరియం, ఫైటోఫ్తోరా లాంటి తెగుళ్లు నేలలో నిలిచిపోతాయి. ఈ ఏడు కుళ్లు కనిపించిన మడిలో కనీసం మూడేళ్లు గుమ్మడి, దోస, పుచ్చ జాతి పంటలు వేయవద్దు. అక్కడ జొన్న, మొక్కజొన్న లాంటివి వేసుకోండి.