విందు కంచాలు చేయబోతున్న సిరామిక్స్ విద్యార్థులకు

చిరంజీవులకు ఆశీస్సులు.

తిరుపతిలోని ఒక పెద్ద హోటల్ భోజనశాలకు కంచాలు, గిన్నెలు రూపొందించే పని మీ తరగతికి దక్కిందని తెలిసి సంతోషించాను. మీరు పంపిన బొమ్మలను శ్రద్ధగా చూశాను. గీత బాగుంది గాని, వాటిలో ఎక్కువ భాగం నడుమ చిన్న ముద్ద పెట్టి చుట్టూ ఖాళీ వదిలే వంటలకు సరిపోయే బల్లపరుపు పళ్లేలు. ఆ హోటల్ వడ్డించబోయేవి రాగిసంగటి, నాటుకోడి పులుసు, పప్పుచారు, మజ్జిగపులుసు. అందుచేత పెన్సిలు పక్కన పెట్టి ముందు వారి వంటగదికి వెళ్లండి. సంగటి ముద్ద పక్కన ఒక గరిటె పులుసు పోయించి, అది ఎంత దూరం పారుతుందో కొలిచి రాసుకోండి. చేత్తో తినేవారికి చివరి ముద్దను కూడగట్టుకోవడానికి ఒక ఆనుడు కావాలి కనుక, అంచు కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున, లోపల మూల లేకుండా వంపు తిరిగి లేవాలి. మూల ఉన్నచోటికి వేలూ పోదు, కడిగేవారి పీచూ పోదు.

గ్లేజు, అంటే మట్టిపాత్ర మీద కాల్చే గాజులాంటి పూత, మెరుపు లేకుండా మరీ పొడిగా ఉండే మ్యాట్ రకం కావాలన్న మీ మోజు నాకు అర్థమవుతుంది. ఫొటోలో అది చాలా బాగుంటుంది. కాని దాని మీద గోరు గీసుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, స్పూను తగిలితే బూడిదరంగు గీతలు పడతాయి, పసుపు మరక పడితే ఒక పట్టాన వదలదు. మ్యాట్ పూతను వెలుపలి వైపుకే ఉంచి, లోపల నునుపైన పూత వేయండి. రంగు విషయంలోనూ మన వంటనే అడగండి. ముదురు గోధుమరంగు కంచంలో కోడి పులుసు కనబడకుండా పోతుంది, కొబ్బరి చట్నీ మాత్రం వెలిగిపోతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది పులుపు. చింతపండు, నిమ్మ, టమాటా లేని పూట మనకు ఉండదు. సీసం, కాడ్మియం ఉన్న పూతలను భోజన పాత్రల దరిదాపులకు రానివ్వకండి. రాగితో వచ్చే పచ్చరంగులు కూడా, గ్లేజు సరిగా కరగకపోతే పులుపులోకి దిగుతాయి. ఒక నిమ్మచెక్కను రాత్రంతా పూత మీద బోర్లించి ఉంచి, తెల్లవారాక అక్కడ మెరుపు తగ్గినా, రంగు మారినా ఆ పూతను వదిలేయండి. ఇది మొదటి వడపోత మాత్రమే. నాలుగు శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, దిగిన లోహాలను కొలిచే పరీక్షను ప్రయోగశాలలో చేయించాకే హోటల్‌కు మాట ఇవ్వండి. గ్లేజులో వెంట్రుకవాసి పగుళ్లు పడితే, అవి కళాత్మకంగా ఉన్నాయని సరిపెట్టుకోవద్దు. వాటిలోకి నూనె, పులుసు దిగి నల్లబడతాయి.

మీలో కొందరు పలమనేరు ఎర్రమట్టితోనే కంచాలు చేస్తామన్నారు. ఆ అభిమానం మెచ్చదగినదే. అయితే కుమ్మరి ఆవంలో తక్కువ వేడికి కాలిన ఎర్రమట్టి నీరు పీలుస్తుంది. పెరుగు ముంతకు అది మంచి గుణం, నీరు లాగేసి గడ్డ బాగా కడుతుంది. పులుసు గిన్నెకు అదే దోషం. పోనీ 1200 డిగ్రీలు దాటిస్తామంటే, అటువంటి మట్టి చాలావరకు ఉబ్బి, వంగి, కరిగిపోతుంది. అందుచేత కంచాన్ని ఎక్కువ వేడికి గట్టిగా కాలే స్టోన్‌వేర్ మట్టితో చేసి, పలమనేరు మట్టిని మెత్తగా నూరి, వడగట్టి, గ్లేజులో కలిపి చూడండి. అందులోని ఇనుము తేనెరంగు నుంచి నలుపు దాకా ఛాయలు ఇస్తుంది. ఈ నేల గుర్తు కంచంలో ఉండాలంటే నాకు తోచిన సరైన దారి ఇదే. ఆ రంగును అంచుకూ వెలుపలికీ వాడితే కూరకు అడ్డు రాదు.

కొలతల్లో తొందర వద్దు. మీ మట్టి 12 శాతం కుదించుకుపోయేదైతే, కాలిన తరువాత 27 సెంటీమీటర్లు ఉండవలసిన కంచాన్ని పచ్చిగా సుమారు 30.7 సెంటీమీటర్లకు చేయాలి. కంచం కింద ఆనే అడుగు చుట్టు మరీ చిన్నదైతే బట్టీలో అంచు వాలుతుంది, మరీ పెద్దదైతే నడుమ కుంగుతుంది; కంచం వెడల్పులో మూడింట రెండు వంతులతో మొదలుపెట్టి చూసుకోండి. మన ఎండలకు అంచు ముందే ఆరి, నడుమ తడిగా ఉండిపోయి పగులుతుంది కాబట్టి, అంచుకు ప్లాస్టిక్ కాగితం చుట్టి నిదానంగా ఆరనివ్వండి. అంచును పలుచగా, పదునుగా తీస్తే చూపుకు నాజూకే గాని, కడిగే తొట్టిలో మొదట పెచ్చు లేచేది అక్కడే. గుండ్రంగా తీయండి.

కాల్చిన తరువాత అడుగు చుట్టును రాయితో నున్నగా అరగదీయాలి. లేకపోతే దొంతి పేర్చినప్పుడు పై కంచం కింది కంచాన్ని గీస్తుంది. దొంతి ఊగకుండా నిలవాలి, వడ్డించేవారు ఒక చేత్తో మూడు కంచాలు మోయగలగాలి. మొత్తం ఆర్డరు చేయబోయే ముందు ఒక డజను నమూనాలు ఆ వంటగదిలోనే కొన్ని వారాలు తిరగనివ్వండి. కడిగేవారితో కూర్చుని మాట్లాడండి. యజమాని చెప్పనివి వారు చెబుతారు.

ధర చెప్పేటప్పుడు, బట్టీలో పోయేవాటినీ, తరువాత పగిలినవాటికి బదులుగా ఇవ్వవలసినవాటినీ కలుపుకోండి. ఆ బదులు కంచాలు ఏడాది తరువాత అడిగినా రంగు కలవాలి కనుక, ప్రతి గ్లేజు పాళ్లనూ, మట్టి బస్తా వచ్చిన తేదీనీ, బట్టీలో కంచం ఉన్న అరనూ నోటుపుస్తకంలో రాసి, ప్రతి కాల్పు నుంచీ ఒక నమూనా బిళ్ల దాచండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి