నీటి సంగతులు: డ్యామ్‌లో నీళ్లున్నా ఎందుకు వదలరు?

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రేలియాలోని షెపర్టన్‌లో ఉంటాడు. అక్కడ మర్రే నది మీది హ్యూమ్ డ్యామ్‌లో నీళ్లున్నా దిగువ తోటలకు అడిగినంత వదలరట, వదిలితే నదే పాడవుతుందట. నీళ్లతో నది పాడవడమేమిటండీ? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: చిక్కంతా బార్మా చోక్ దగ్గరుంది. అక్కడ నది సన్నబడుతుంది, గట్లూ తక్కువ ఎత్తే. హ్యూమ్ కింద రోజుకు 25,000 మెగాలీటర్లు, అంటే సుమారు 10,200 క్యూసెక్కులు వదలొచ్చు. చోక్‌కు ఎగువనున్న యారవాంగా ఆనకట్ట కింద మాత్రం 9,000 మెగాలీటర్లకు అటూఇటూగా (దాదాపు 3,700 క్యూసెక్కులు) ఆపాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజ్ దాటిన 11 లక్షల పైచిలుకు క్యూసెక్కులు చూసినవారికి ఇది పిల్లకాలువే.

1980లలో ఇక్కడ 11,000 మెగాలీటర్ల పైనే పట్టేది. తగ్గడానికి కారణం ఇసుక. 19వ శతాబ్దపు బంగారు తవ్వకాలు, ఎగువన చెట్ల నరికివేత, నదిలోని దుంగలు తీసేయడం వల్ల కదిలిన ముతక ఇసుక యారవాంగా నుంచి చోక్ దగ్గరి పిక్నిక్ పాయింట్ దాకా 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా మేట వేసింది. అడుగు లేచింది కనుక తక్కువ నీటికే గట్టు పొర్లి, వేసవిలో ఎండుగా ఉండాల్సిన బార్మా అడవి మునుగుతోంది.

ప్రశ్న: మరి గట్లు ఎందుకు కూలుతున్నాయి?

జవాబు: వారాల తరబడి ఒకే మట్టంలో నిండుగా పారిస్తే అలలు గట్టును ఒకే గీతలో కోస్తాయి, పైభాగం వేలాడుతుంది. గట్టు లోపలిదాకా నాని ఉంటుంది. అప్పుడు నీటిమట్టం గబుక్కున దించితే ఎదురు ఒత్తిడి పోయి, నానిన మట్టి బరువుకు పెళ్లలుగా జారుతుంది. అందుకే మట్టాన్ని కాస్త పైకీ కిందికీ మారుస్తూ ఉండాలి, తగ్గించేటప్పుడు రోజుకు కొంత చొప్పునే తగ్గించాలి.

ప్రశ్న: దిగువ రైతుకు నీళ్లెలా చేరతాయి?

జవాబు: వేసవి గిరాకీకి ముందే నీటిని చోక్ దాటించి దిగువన (ఆస్ట్రేలియాలోనే ఉన్న) విక్టోరియా సరస్సులో నింపుతారు. కొంత ముల్వాలా కాలువ మీదుగా చుట్టు తిప్పుతారు. మిగతాది చోక్ దాటాక మర్రేలో కలిసే గోల్‌బర్న్, మరంబిడ్జీ నదుల నుంచి తెస్తారు. మీ అబ్బాయి ఊరు గోల్‌బర్న్ ఒడ్డునే ఉంది. ఆ నదిలోనూ ఇలా నీళ్లు తోలితే దిగువ గట్లు కోసుకుపోయాయి. అందుకని అక్కడ వేసవి ప్రవాహాన్ని సగటున రోజుకు 1,100 మెగాలీటర్లకు కట్టడి చేశారు.

అసలు తలనొప్పి వాన. హ్యూమ్ నీరు యారవాంగా చేరడానికి దాదాపు నాలుగు రోజులు. ఈలోగా వాన పడితే రైతులు ‘మాకొద్దు’ అంటారు. బయల్దేరిన నీటిని వెనక్కి పిలవలేరు, యారవాంగా ఆనకట్ట వెనకున్న ముల్వాలా సరస్సులో చోటు కొద్దిగానే ఉంటుంది, మిగులంతా అడవిలోకే పోతుంది. వాన సూచన ఉంటే ముందుగానే సరస్సు మట్టం కాస్త తగ్గించి పెట్టుకోవడం ఒక దారి.