గని మూతపడితే ఊరు ఏమవుతుంది? కేజీఎఫ్‌లో పెరిగినవాడిగా నా జవాబు

ఇల్లందు వైపు బొగ్గు గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి, అక్కడున్న అమ్మానాన్నల ఇల్లు ఉంచుకోవాలా అమ్మేయాలా, గని పోతే ఊరూ పోతుందా అని అడిగారు. నాది బొగ్గు ఊరు కాదు, బంగారు గనుల ఊరు. కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో (కేజీఎఫ్) పుట్టి పెరిగి ఇప్పుడు బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాను. మా తాత చిత్తూరు జిల్లా నుంచి అక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో పనికి వచ్చాడు. గని, రైలు కలిసి పుట్టించిన ఊళ్ల కథ చాలావరకు ఒకటే కాబట్టి చెప్తున్నాను.

ఊరు ఒక్కసారిగా పోదు. గనికి చెందినవి గనితో పోతాయి, మిగతావి మిగులుతాయి. మా ఊళ్లో బాధేమిటంటే దాదాపు అన్నీ గనివే.

1880లో గనులు తవ్వడానికి జాన్ టేలర్ అనే బ్రిటిష్ కంపెనీ వచ్చినప్పుడు అక్కడ చెప్పుకోదగ్గ ఊరే లేదు. బేతమంగళం చెరువు నుంచి నీళ్లు తెచ్చింది గని కోసం. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి కరెంటు లాగిందీ గని కోసమే. అప్పటిదాకా ఇంజన్లు కట్టెలు, బొగ్గు కాల్చి ఆవిరితో నడిపేవాళ్లు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో, మా తర్వాతే! ఈ మాట చెప్పేటప్పుడు మా తాత ముఖం చూడాలి. ఆసుపత్రి గనిది, కార్మికుల లైన్ల ఇళ్లు గనివి. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా డబ్బు గురించి ఆలోచించే పని లేదు.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను తీసుకున్నాయి. అప్పటికే తవ్వకం చాలా లోతుకి పోయింది. చివరికి 3 కిలోమీటర్లు దాటింది. కింద ఒకటే వేడి, రాయి ఉన్నట్టుండి పగిలి మీద పడే ప్రమాదం. టన్ను రాయికి దొరికే బంగారమేమో ఏటికేడాదీ తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఈ రోజు వస్తుందని చాలా ముందునుంచే తెలుసు. తెలిసీ ఊరికి ఇంకో ఆధారం సరిపడా తయారు కాలేదు. భారీ యంత్రాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బెమెల్ ఫ్యాక్టరీ ఒక్కటే అంతమందికి ఎలా చాలుతుంది? నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దీనికే.

తర్వాత ఆసుపత్రి మూతపడింది. లైన్లలో తరాలుగా కాపురమున్న కుటుంబాలు ఇంటి కాగితాల కోసం తిరగడం మొదలైంది. గాలి లేస్తే సైనైడ్ దిబ్బల (సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన రాతిపొడి గుట్టల) దుమ్ము ఇళ్లలోకి వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

రైలు మాత్రం ఆగలేదు. బెంగళూరు లైను మీదున్న బంగారపేట నుంచి మా గనుల దగ్గరి మారికుప్పం దాకా 1894లో వేసిన ఆ లైను గని కోసమే వేసినా, అది గని కంపెనీది కాదు, మైసూరు సంస్థానానిది. అందుకే బతికింది, ఊరినీ బతికించింది. గని మూసేనాటికి మా చిన్నాన్నకు యాభై కూడా నిండలేదు. బెంగళూరులో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. తెల్లవారకముందే కేజీఎఫ్‌లోని ఊర్గాం స్టేషన్‌లో రైలెక్కి, రాత్రి పిల్లలు నిద్రపోయాక ఇంటికి చేరేవాడు. ఆదివారం తప్ప పిల్లలతో తీరిగ్గా కూర్చుని మాట్లాడింది లేదు. ఆ పెట్టెల్లో గార్మెంట్స్‌కి పోయే ఆడవాళ్లు, కట్టడం పనివాళ్లు, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ కంపెనీల పిల్లలు, అందరూ తెలుగు, తమిళం, కన్నడం కలిపి మాట్లాడుకుంటూ పోతారు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే పెట్టెలో అందరికీ తెలిసిపోతుంది. కోచింగులో చేరిన పిల్లకి ఫీజు తక్కువైతే అక్కడే చందా వేసి ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. నేనూ ఆ రైల్లోనే కాలేజీకి పోయి చదువుకున్నాను.

కాబట్టి ఊరు చచ్చిపోలేదు. కానీ సొంత పని లేదు. పనికి బెంగళూరు, పడుకోవడానికి కేజీఎఫ్.

ఇక మీ ఇంటి సంగతి. అమ్మేముందు మూడు విషయాలు కనుక్కోండి. స్థలం మీ నాన్నగారి పేరు మీద ఉందా, కంపెనీ క్వార్టరా? తాగునీళ్లు మునిసిపాలిటీవా, గనివాళ్లవా? రోజూ పోయి రాగలిగే దూరంలో పని దొరికే ఊరికి బస్సో రైలో ఉందా? మొదటిది మీ చేతిలో ఉంటే తొందరపడి తక్కువకి ఇచ్చేయకండి. మూడోదాని కోసమైతే గనులు పూర్తిగా మూతపడక ముందే అందరూ కలిసి అడగండి. బొగ్గు వ్యాగన్లు తిరుగుతున్నంతకాలమే ఆ పట్టాలను రైల్వేవాళ్లు బాగు చేయిస్తారు. మనుషుల రైలు అడగాల్సింది ఇప్పుడే.