నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగిని. హాఫ్ మారథాన్ (సుమారు 21 కిలోమీటర్ల పరుగు) కోసం వడ్డేపల్లి చెరువు కట్ట మీద, రోడ్ల మీద సాధన చేస్తున్నాను. దూరం పది కిలోమీటర్లు దాటించినప్పటి నుంచి మోకాళ్ల కింద ఎముక వెంట నొప్పి. డైక్లోఫెనాక్ వేసుకుని వెళ్తే తెలియడం లేదు. కొనసాగించవచ్చా? తొడలు ఒరుసుకుని మంట పుడుతోంది. కుక్కలు కూడా వెంటపడుతున్నాయి.
– ఒక పాఠకుడు

జవాబు: ఆ మాత్ర ఈ రోజే ఆపేయండి. మీ కాళ్ల నొప్పి కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. గంటకు పైగా చెమటోడ్చి పరుగెత్తేటప్పుడు కిడ్నీలకు రక్త ప్రసరణ తగ్గుతుంది. ఉన్న కాస్త ప్రసరణను నిలబెట్టే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను డైక్లోఫెనాక్ అడ్డుకుంటుంది. వరంగల్ ఎండల్లో ఈ రెండూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినవచ్చు. పరుగు తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.

ఇక నొప్పి సంగతి. కాలి ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుతూ రండి. జానెడు మేర అంతటా నొప్పిగా ఉంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే ఎముకపై పొర, దాన్ని అంటుకున్న కండరాలు ఒత్తిడికి నొప్పి పెట్టడం. దూరం ఒక్కసారిగా పెంచినవారికి తరచూ వస్తుంది. అలాకాకుండా రూపాయి బిళ్లంత చోటే గుచ్చినట్లు నొప్పి పెట్టినా, నడకలో, రాత్రి పడుకున్నప్పుడు కూడా బాధించినా ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. అప్పుడు పరుగు పూర్తిగా మానేసి ఎముకల వైద్యుడిని కలవండి. తొలి వారాల్లో ఎక్స్-రేలో పగులు కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం కావచ్చు. ఎక్స్-రే బాగుందని మళ్లీ పరుగు మొదలుపెట్టి పగులును పెద్దది చేసుకునేవారు ఉంటారు, మీరు ఆ పని చేయకండి.

షిన్ స్ప్లింట్స్ అయితే రెండు మూడు వారాలు పరుగుకు బదులు సైకిల్ తొక్కండి. సాయంత్రం పావుగంట ఐసు కాపడం పెట్టండి, గుడ్డలో చుట్టి మాత్రమే. మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించే వ్యాయామంతో పిక్కలు బలపడతాయి. నడకలో నొప్పి పూర్తిగా పోయాక రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టండి. తారు, సిమెంటు దారులు వదిలి ఆర్ట్స్ కళాశాల మైదానం లాంటి మట్టి నేల మీద పరుగెత్తండి. వారానికి పదో వంతుకు మించి దూరం పెంచకండి. బూట్ల అడుగు అరిగి ఉంటే మార్చండి.

తొడల మంటకు పరుగుకు ముందు వాజెలిన్ రాసి, నూలు నిక్కరు బదులు ఒంటికి అతుక్కునే పొడవాటి షార్ట్స్ వేసుకుంటే చాలు. దాహం వేసినప్పుడు తాగండి, గంట దాటే పరుగుకు ఓఆర్ఎస్ వెంట ఉంచుకోండి. వట్టి నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది.

కుక్క వెంటపడితే పరుగు ఆపి, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా పక్కకు జరగండి. కరిస్తే మాత్రం, పైన గీసుకున్నంత గాయమైనా సరే, ధారగా పారే నీటితో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడగండి. సున్నం, పసుపు, కారం పెట్టవద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదటి డోసు తీసుకోండి, మిగతావి తప్పకుండా పూర్తి చేయండి.

పోటీ తేదీ మీరు రాయలేదు. నెల లోపే ఉంటే ఈసారి 10 కిలోమీటర్ల విభాగానికి పేరు మార్పించుకోండి. అప్పటికీ నొప్పి ఉంటే అదీ వద్దు.