ముందు ఆ ఫ్లాస్కుల సంగతి చెప్పు

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్లు. మాది మదనపల్లె. ఐర్లండ్‌లోని కార్క్‌లో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేస్తున్నాను. జూన్ నుంచి ఒక ల్యాబ్‌లో ఇంటర్న్‌ని. అందరూ నవ్వుతూ ‘హౌ ఆర్ యూ’ అంటారు, నేను జవాబు చెప్పేలోపే దాటి వెళ్లిపోతారు. పొద్దున పదకొండింటికి టీకి, శుక్రవారం సాయంత్రం పబ్‌కి కలిసి వెళ్తారు. మొదట్లో నన్నూ పిలిచారు. పనుందన్నాను. ఇప్పుడు పిలవడం మానేశారు. పోయిన వారం నేను ఫ్లాస్కుల్లో పెంచుతున్న సెల్స్ (జీవకణాలు) కంటామినేట్ అయ్యాయి, అంటే వాటిలో బయటి క్రిములు చేరాయి. ఎవరికీ చెప్పకుండా పారేసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పటి నుంచి నిద్ర లేదు. నాన్న అప్పు చేసి పంపారు. ఫోన్ చేస్తే ఉద్యోగం మాటే అడుగుతారు. ‘అంతా బాగుంది’ అని పెట్టేసి ఏడుస్తున్నాను. నేను ఇక్కడ పనికిరానేమో.
– ఒక విద్యార్థిని, కార్క్

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో బాధలు చాలా ఉన్నాయి గానీ, రేపు పొద్దున్నే తేల్చుకోవాల్సింది ఒకటే. ఆ ఫ్లాస్కుల సంగతి. మిగతావన్నీ ఆ తర్వాత.

ఎందుకంటే సెల్స్ పెంచే ఆ వెచ్చటి పెట్టె, ఇంక్యుబేటర్, నీ ఒక్కదానిదే కాదు. ఎర్రగా ఉండాల్సిన మీడియా (సెల్స్‌కి పోసే పోషక ద్రవం) పసుపెక్కి మసకబారిందంటే చాలావరకు బాక్టీరియా చేరినట్టే. అది నీ చేతి నుంచే వచ్చిందని ఎవరు చెప్పారు? సీసాలు వెచ్చబెట్టే వాటర్‌బాత్‌లో నీళ్లు ఎన్నాళ్లుగా మార్చలేదో, నలుగురూ వాడే మీడియా సీసాలోనే ఏమైనా చేరిందో, క్రిములు చేరకుండా పనిచేసుకునే హుడ్‌లో ఏ మూల తుడవకుండా వదిలేశారో నీకు తెలియదు. కొత్తగా మొదలుపెట్టిన సెల్స్‌కి కూడా ఆ సీసాలోదే పోసి ఉంటే రెండు మూడు రోజుల్లో మళ్లీ అదే గతి. నీ పక్క షెల్ఫులో ఇంకొకరి నెలల తరబడి శ్రమ ఉంటుంది. నువ్వు నోరు విప్పకపోతే అదీ పోవచ్చు. అందుకే చెబుతున్నాను, ఇది పరువు సమస్య కాదు, పక్కవాళ్ల పట్ల బాధ్యత.

ప్రొఫెసర్ దగ్గరికి నేరుగా వెళ్లడానికి జంకుగా ఉంటే, నీ పక్క బెంచీలో పనిచేసే పోస్ట్‌డాక్‌కో (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్లు), సీనియర్ పీహెచ్‌డీ విద్యార్థికో చెప్పు. ఏ రోజు చూశావు, ఏ సీసా వాడావు, ఫ్లాస్కులను ఎలా పారేశావు, బ్లీచ్ పోశావా లేదా, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పు. ల్యాబ్ నోట్‌బుక్‌లో కూడా తేదీ వేసి రాయి. వారం ఆలస్యంగా చెబుతున్నందుకు ఒక్కసారి క్షమించమని అడిగి, అక్కడితో ఆపు. పదే పదే సంజాయిషీ ఇచ్చుకోవద్దు. సెల్ కల్చర్ చేసేవాళ్లకు ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. వాళ్లకు కొత్త కాదు.

నువ్వు ఎందుకు దాచావో నాకు అర్థమైంది. మన డిగ్రీ ల్యాబుల్లో పిపెట్ పగిలితే ముందు చీవాట్లు, తర్వాత బ్రేకేజీ ఫీజు. తప్పు కనిపించకుండా సర్దుకోవడం అక్కడే అలవాటైపోతుంది. ఇప్పుడు నువ్వున్న చోట ప్రొఫెసర్‌నే పేరు పెట్టి పిలుస్తారు. ప్రయోగం చెడినందుకు ఎవరూ నిన్ను చిన్నచూపు చూడరు. చెడిందని చెప్పకపోతే మాత్రం నీ ఫలితాలను నమ్మడం మానేస్తారు.

ఇంకొకటి గమనించు. అక్కడివాళ్లు ఏ పనీ గట్టిగా పురమాయించరు. ‘వీలు చూసుకుని ఓసారి చూస్తావా’ అన్నారంటే చాలాసార్లు ఈరోజే చూడమని. సందేహంగా ఉంటే ‘ఎప్పటికి కావాలి’ అని అడిగెయ్. అడిగితే ఏమనుకుంటారో అని రాత్రంతా కూర్చుని ఊహించడం కంటే అది ఎంతో నయం. నడుస్తూ వేసే ‘హౌ ఆర్ యూ’కి పెద్ద జవాబు అక్కర్లేదు. ‘గుడ్, యువర్సెల్ఫ్?’ అని నవ్వితే చాలు. వాళ్లు ఆగకుండా వెళ్లిపోయారంటే నిన్ను పట్టించుకోలేదని కాదు, వాళ్లలో వాళ్లూ అంతే.

నిజంగా మాట్లాడుకునేది టీ దగ్గర. కార్క్‌లో టీ అంటే చిన్న విషయం కాదు, బ్యారీస్ టీ 1901లో ఆ ఊళ్లోనే పుట్టింది. ఆ పదకొండింటి పావుగంటను నువ్వు పని ఎగ్గొట్టే సమయం అనుకుంటున్నావు. ఏ యాంటీబాడీ పనిచేయడం లేదు, సెంట్రిఫ్యూజ్ ఎప్పుడు ఖాళీ, ఎవరి ప్రయోగం ఎక్కడ ఆగింది అనే కబుర్లన్నీ అక్కడే దొర్లుతాయి. నిన్ను పిలిచారు, నువ్వు పనుందన్నావు. మళ్లీ మళ్లీ పిలిచి ఇబ్బంది పెట్టకూడదనుకుని ఊరుకుని ఉంటారు. ఇప్పుడు అడుగు వేయాల్సింది నువ్వే. ‘నేనూ రానా’ అని అడుగు. ఒక బిస్కెట్ల డబ్బా తీసుకెళ్లు. మొదటి రోజు మాటలు తోచకపోతే వాన గురించి మాట్లాడు, అక్కడ ఆ విషయానికి కరువుండదు.

మీ ఊరేదని అడిగితే ‘సౌత్ ఇండియా’ అని తేల్చేయకు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి చేసింది మీ మదనపల్లె కాలేజీలోనే. అప్పుడు ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లోని బాయిల్ అనే ఊళ్లో పుట్టిన ఆవిడ. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్ వాడు, ఆ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశాడు. ఈ సంగతి ఆ బల్ల చుట్టూ ఉన్న చాలామందికి తెలిసి ఉండదు. చెప్పి చూడు.

పబ్ గురించి నీ భయం తాగమని బలవంతపెడతారనే కదా. కార్క్‌లో సెయింట్ పాట్రిక్స్ స్ట్రీట్‌లో నువ్వు రోజూ చూసే విగ్రహం ఫాదర్ మాథ్యూది. 1838లో ఆ ఊళ్లోనే మద్యం మానేయమని ఉద్యమం నడిపి లక్షలమంది చేత ఒట్టు వేయించిన మనిషి ఆయన. తాగనివాళ్లు ఆ దేశానికి కొత్త కాదు. ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనిపెట్టే ‘రౌండ్స్’ పద్ధతి ఉంటుంది కాబట్టి, లోపలికి వెళ్లగానే ‘నాది నేనే తెచ్చుకుంటా’నని చెప్పి ఆరెంజ్ డ్రింకో, సోడానో తీసుకో. గంట కూర్చుని లేచి వచ్చెయ్. ప్రతివారం వెళ్లక్కర్లేదు. అసలు ఇష్టమే లేకపోతే పబ్ మానెయ్, టీ మాత్రం మానకు.

నిద్ర సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఫ్లాస్కుల విషయం చెప్పేశాక కూడా వారం పది రోజుల్లో నిద్ర కుదుటపడకపోతే, ఏడుపు ఆగకపోతే, మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో. విద్యార్థులకు ఉచితం. బతకాలనిపించనంత దిగులు ఎప్పుడైనా కమ్మితే వారం పది రోజులు ఆగకు. 116 123కి వెంటనే ఫోన్ చెయ్. అది సమారిటన్స్ వాళ్ల నంబరు, ఏ వేళనైనా తీస్తారు, డబ్బులు పడవు.

ఇక నాన్నగారు. ఆయన ఉద్యోగం ఉద్యోగం అంటున్నది నీ మీద నమ్మకం లేక కాదు, ఎప్పటికి ఏమవుతుందనే లెక్క ఆయన దగ్గర లేక. నువ్వు ‘అంతా బాగుంది’ అనడంతో ఆ లెక్క ఆయనకు అందడం లేదు. మాస్టర్స్ పూర్తయ్యాక స్టాంప్ 1జి అనే అనుమతి కింద మొదట ఏడాది, ఉద్యోగ ప్రయత్నాలు చేస్తున్నట్టు చూపిస్తే ఇంకో ఏడాది అక్కడ ఉండి పనిచేయవచ్చని వివరంగా చెప్పు. ఫైజర్, ఎలై లిల్లీ లాంటి మందుల కంపెనీల ప్లాంట్లు కార్క్ చుట్టుపక్కలే ఉన్నాయని, ఈ ల్యాబ్‌లో వచ్చే అనుభవం, ప్రొఫెసర్ ఇచ్చే రిఫరెన్స్ అక్కడ దరఖాస్తు చేసేటప్పుడు పనికొస్తాయని చెప్పు. ఎవరు ఎక్కడ మనుషుల్ని తీసుకుంటున్నారో మీ సీనియర్లకు ముందే తెలుస్తుంటుంది. టీ దగ్గర అడుగు.

ల్యాబ్ నుంచి అలసిపోయి వచ్చి సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తే ఇక్కడ రాత్రి పదిన్నర, ఇద్దరికీ ఓపిక ఉండదు. శనివారం పొద్దున పదింటికి చెయ్, ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. అమ్మను కూడా పక్కన కూర్చోమను. ఒక ప్రయోగం చెడిపోయిందనీ, దాన్ని సరిచేసుకుంటున్నావనీ కూడా చెప్పు. ఆయన ఒక్కరోజులో మారకపోవచ్చు. అప్పు ఆయన పేరు మీద ఉంది, ఆ బెంగ ఆయనకు ఉండకుండా ఎలా ఉంటుంది? రాబోయే నెలల్లో వాయిదాలకు నువ్వు ఎంత పంపగలవో, ఎప్పటిదాకా ఏమీ పంపలేవో అది కూడా ఆ ఫోన్‌లోనే చెప్పెయ్.