బంగాళాదుంప ఎప్పుడు నాటాలి? నెల కన్నా రాత్రి చలి ముఖ్యం

సందేహం: పెరట్లో నాలుగు సాళ్లు బంగాళాదుంప వేశాను. మొక్కలు నడుము ఎత్తున ఏపుగా పెరిగాయి. నీళ్లు, ఎరువు దేనికీ లోటు చేయలేదు. తీరా తవ్వితే గోలీలంత దుంపలు. కొన్ని మొక్కలకు అవీ లేవు. ఈసారి ఏ నెలలో నాటమంటారు? – ఒక గృహిణి

సలహా: అమ్మా, అంత కష్టపడి పెంచాక గోలీలంత దుంపలు చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. యూరియా లాంటి నత్రజని ఎరువు మోతాదు మించినా ఆకు ఇలాగే పెరుగుతుంది, కాబట్టి ఈసారి అది కాస్త తగ్గించండి. అయితే నా అనుమానం నాటిన సమయం మీదే. దుంప ఊరాల్సిన రోజుల్లో మీ నేల వేడిగా ఉండి ఉంటుంది.

బంగాళాదుంప వేరు కాదు, కాండమే. మట్టిలో పక్కకు సాగే తెల్లటి తీగ కొస ఉబ్బి దుంపగా మారుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15–20 డిగ్రీలు ఉంటే ఈ పని చక్కగా సాగుతుంది. పగలు కాస్త ఎండగా ఉన్నా మొక్క తట్టుకుంటుంది కానీ, రాత్రులు వేడిగా ఉంటే పగలు ఆకు తయారుచేసిన పిండి పదార్థం దుంపలోకి దిగదు, ఆకు, కాండాలకే పోతుంది. నేల 30 డిగ్రీల దగ్గరికి వస్తే దుంప ఊరడం దాదాపు ఆగిపోతుంది. అప్పుడు ఆ తెల్ల తీగలు మట్టిలోంచి పైకి పొడుచుకొచ్చి ఆకులు వేస్తాయి. కిందటిసారి మొక్కకు జానెడు దూరంలో అలాంటి పిలకలు కనిపించాయేమో గుర్తు చేసుకోండి. కనిపించి ఉంటే కారణం వేడే.

నెల పేరు చెప్పడం తేలికే. కానీ అదే నెల ఒకచోట చల్లగా, ఇంకోచోట ఉక్కగా ఉంటుంది. అందుకని లెక్క చెబుతాను. నాటిన 10–20 రోజులకు మొలక పైకి వస్తుంది. ఇంకో రెండు మూడు వారాలకు దుంప కట్టడం మొదలవుతుంది. అంటే దాదాపు 35వ రోజు నుంచి 80వ రోజు దాకా దుంప ఊరే కాలం. మీ దగ్గర ఏడాదిలో అన్నిటికన్నా చల్లటి రాత్రులు ఏవో చూసి, అవి ఈ రోజుల మీద పడేలా వెనక్కి లెక్కేసుకోండి. వేడి ప్రాంతాల్లో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరికి దిగుతున్నప్పుడు నాటితే ఈ లెక్క సరిపోతుంది. మంచు గడ్డకట్టే చోట దీనికి పూర్తిగా తిరగేసి ఆలోచించాలి. చలికాలం వెళ్లాక నేల కనీసం 8–10 డిగ్రీలకు వెచ్చబడాలి. మొలక పైకి వచ్చేసరికి గడ్డకట్టే మంచు భయం పోయి ఉండాలి.

గాలి చల్లబడినంత మాత్రాన నేల చల్లబడినట్టు కాదు. థర్మామీటరును వేలెడు లోతున గుచ్చి, నాలుగైదు రోజులు ఉదయం పూట చూడండి. 25 డిగ్రీలు దాటుతుంటే ఇంకొన్నాళ్లు ఆగండి. తొందరపడి వేడి, తడి నేలలో కోసిన ముక్కలు నాటితే కుళ్లి కంపు కొడతాయి. నేల ఇంకా కొంచెం వెచ్చగానే ఉందనుకుంటే, కోడిగుడ్డంత దుంపను కోయకుండా అలాగే నాటడం మేలు. కుండీల్లో వేసేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎండకు కుండీ మట్టి నేల కన్నా త్వరగా వేడెక్కుతుంది.

సమయం కుదిరినా విత్తనం సిద్ధంగా లేకపోతే లాభం లేదు. కొత్తగా తవ్విన దుంప రెండు నెలలో, ఇంకా ఎక్కువో నిద్రావస్థలో ఉంటుంది, నాటినా మొలవదు. కాబట్టి ఆ నిద్ర తీరిన విత్తన దుంపల్నే తీసుకుని, నాటడానికి మూడు వారాల ముందే నేరుగా ఎండ తగలని, వెలుతురు వచ్చే చోట ఒక వరసగా పరవండి. సెంటీమీటరు పొడవున లావుగా, ఆకుపచ్చగానో ఊదాగానో మొలక వస్తే అది మంచి విత్తనం. చీకట్లో పెడితే తెల్లగా, పొడుగ్గా వస్తుంది, నాటేటప్పుడు చెయ్యి తగిలితేనే విరిగిపోతుంది.

ఒకవేళ ఆలస్యమైతే 70–90 రోజుల్లో చేతికొచ్చే రకం ఎంచుకోండి. దీర్ఘకాలిక రకం వేస్తే చివరి నెల ఎండల పాలవుతుంది. ఏ రకమైనా 25–30 రోజులకు మట్టి ఎగదోసి, సాళ్ల మధ్య ఎండుగడ్డి పరవండి. నేల చల్లగా ఉంటుంది, దుంపలు వెలుగు తగిలి పచ్చబడవు. పచ్చబడిన దుంపలు తినకూడదు.

నాటిన 40వ రోజు ప్రాంతంలో ఒక మొక్క పక్కన మట్టిని వేళ్లతో మెల్లగా తీసి చూడండి. తెల్ల తీగ కొస బఠాణీ గింజంత ఉబ్బి కనిపిస్తే మీ లెక్క కుదిరినట్టే. మొక్క వేర్లు తెగకుండా మట్టి మళ్లీ కప్పేసి, అక్కడి నుంచి తడి ఆరిపోకుండా చూసుకోండి.