ఒళ్ళు ఎంత వంగుతుందని అడిగే ముందు

అమ్మలూ,

అపార్ట్‌మెంట్‌లో యోగా క్లాసు మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. చేరేవాళ్ళకి ఇవ్వబోయే ఫారం కూడా పంపాడు. "మీ ఒళ్ళు ఎంత బాగా వంగుతుంది? పదికి ఎన్ని మార్కులు?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ప్రశ్న ఉండనీ. కానీ ఆ మార్కులు చూసి ఎవరికి ఏ ఆసనం అన్నది నిర్ణయించకు.

నేను ఫిజియోథెరపీలోకి వచ్చిన కొత్తలో, వరి నాట్లకి వెళ్ళే ఒకావిడ "నడుం కొయ్యబారిపోయిందమ్మా" అంటూ వచ్చింది. ఆ మాట నమ్మి సాగదీసే వ్యాయామాలే రాసిచ్చాను. రెండు నెలలైనా తేడా రాలేదు. అప్పుడు బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి, కీలు కోణం కొలిచే గోనియోమీటర్ పెట్టాను. 90 డిగ్రీలు! గొంతుక్కూర్చోమంటే మడమలు నేలకి ఆనించి హాయిగా కూర్చుంది. మొదటిరోజే కొలిచి ఉంటే ఆవిడ రెండు నెలలు వృథా అయ్యేవి కావు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. బిగుతుగా అనిపించడం వేరు, కీలు తిరగకపోవడం వేరు. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు నడుంనొప్పి వాళ్ళని పరీక్షించినప్పుడు కూడా, వాళ్ళు చెప్పిన బిగుతుకీ యంత్రం చూపిన గట్టిదనానికీ పొంతన కుదరలేదు. నడుముని కాపాడుకోవడానికి మెదడు పంపే హెచ్చరికలాంటిది ఆ బిగుతు.

తిరగేసిన కేసులూ చూశాను. ఒక కాలేజీ కుర్రాడు వంగి నేల తాకి "రబ్బరులా వంగుతా మేడమ్" అన్నాడు. పడుకోబెట్టి కాలెత్తితే 60 దగ్గరే ఆగింది. చేతులు పొడుగు, వంగినదంతా నడుము. అందుకే కాలివేళ్ళు అందుకోవడం చూసి ఎవరినీ అంచనా వెయ్యకు. ఒక కీలు బాగా తిరిగినంత మాత్రాన పక్క కీలూ తిరగాలని లేదు.

ఇలా పడుకోబెట్టి ఎత్తిన కాలి కోణం కొలవడానికి ఫోన్ చాలు. కోణం చూపే యాప్ పెట్టుకుని, మోకాలి కింద ఎముక మీద ఆనించు. ప్రతిసారీ ఒకే వేళకి చూడు, ఎందుకంటే పొద్దున్నే వెన్నుపూసల మధ్య డిస్కులు ఉబ్బి ఉండి నడుం తక్కువ వంగుతుంది. మూడుసార్లు చూసి సగటు రాసుకో. 5 డిగ్రీల తేడా వస్తే సంబరపడకు, అంత తేడా కొలతలోనే వచ్చేస్తుంది.

అన్నిటికన్నా ఒక సంగతి జాగ్రత్త తల్లీ. కీళ్ళు మరీ వదులుగా ఉన్నవాళ్ళలో కొందరు "బిగుసుకుపోయాను" అంటూనే వస్తారు. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటుతోందా, బొటనవేలు ముంజేతికి తగులుతోందా, మోచేతులు, మోకాళ్ళు వెనక్కి 10 డిగ్రీలకి మించి వంగుతున్నాయా, నిలబడి మోకాళ్ళు వంచకుండా వంగితే అరచేతులు నేలకి ఆనుతున్నాయా చూడు. రెండువైపులా కలిపి 9 మార్కులు, దీన్నే బైటన్ స్కోరు అంటారు. 50 ఏళ్ళలోపు పెద్దవాళ్ళకి 5 వచ్చినా, ఆపైన వాళ్ళకి 4 వచ్చినా సాగదీయకు. బలం పెంచే వ్యాయామాలు ఇవ్వు. కీలు జారిన చరిత్ర ఉంటే ముందు డాక్టర్‌కి చూపించుకోమను.

ఫారంలో ఆ ప్రశ్న పక్కనే కుడికాలు, ఎడమకాలు అని రెండు గళ్ళు గియ్యి. నా పాత గోనియోమీటర్ బీరువాలో ఉంది, మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

ప్రేమతో,
అత్తయ్య